యంత్రం తప్పు చేస్తే బోనెక్కేది ఎవరు?

[స్క్రీన్ మీద: ఖాళీ చాట్ విండో]

నమస్తే అండీ. నేరుగా కేసులోకి వెళ్దాం.

కెనడాలో ఒకాయన బామ్మ చనిపోయింది. ప్రయాణం కోసం ఎయిర్ కెనడా వెబ్‌సైట్ తెరిచి, ఆప్తులు పోయినప్పుడు ఇచ్చే తగ్గింపు ఛార్జీ సంగతేంటని అక్కడున్న చాట్‌బాట్‌ని అడిగాడు. ముందు టికెట్ కొనుక్కోండి, 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకుంటే తగ్గింపు వస్తుందని అది చెప్పింది. ఆయన నమ్మి కొన్నాడు. తీరా అడిగితే, ప్రయాణం అయిపోయాక తగ్గింపు ఇవ్వం, మా నిబంధన అదీ అంది కంపెనీ.

మరి చాట్‌బాట్ చెప్పిన మాట? ఆ చాట్‌బాట్ వేరే అస్తిత్వం, దాని మాటలకు బాధ్యత దానిదే అన్న అర్థం వచ్చేలా వాదించారు! 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియాలోని సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్ ఆ వాదనను కొట్టిపారేసింది. వెబ్‌సైట్ మీది, అందులో కనిపించే ప్రతి మాటకూ మీదే పూచీ అని చెప్పి, పరిహారం కట్టించింది.

పరిహారం మొత్తం చిన్నదే. కానీ "మేం కాదు, యంత్రం చేసింది" అనే మాట ఇకముందు వెయ్యి రూపాల్లో వినిపించబోతోంది. కొత్త టెక్నాలజీ మీద చట్టాలు ఎన్ని వస్తున్నాయన్నది నాకు రెండో సంగతి. ఆ మాటను అవి ఒప్పుకుంటున్నాయా లేదా అన్నదే మొదటిది.

[స్క్రీన్ మీద: 1928 → 1967]

చట్టం కొత్త వస్తువును చూడగానే కొత్త పేరు పెట్టదు. ముందు పాత మాటల్లో ఇమడ్చాలని చూస్తుంది. 1928లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఓల్మ్‌స్టెడ్ కేసు వచ్చింది. పోలీసులు ఇంట్లోకి అడుగు పెట్టకుండా బయటి టెలిఫోన్ తీగల నుంచి సంభాషణలు విన్నారు. లోపలికి రాలేదు, ఏ వస్తువూ పట్టుకెళ్లలేదు, కాబట్టి అది సోదా కాదని కోర్టు తేల్చింది. సోదా అంటే తలుపు తోసుకొని రావడమే అన్న రోజులవి. జస్టిస్ బ్రాండైస్ మాత్రం ఒప్పుకోలేదు. ఇల్లు తొక్కకుండానే మనిషి ఆంతరంగికాన్ని బయటపెట్టే సాధనాలు ఇంకా వస్తాయని తన అసమ్మతి తీర్పులో హెచ్చరించాడు.

ఆ తీర్పును పక్కనపెట్టడానికి 39 ఏళ్లు పట్టింది. 1967లో కాట్జ్ కేసులో, రాజ్యాంగ రక్షణ మనుషులకే గానీ స్థలాలకు కాదని అదే కోర్టు చెప్పింది. 2018లో కార్పెంటర్ కేసు వచ్చేసరికి, సెల్‌ఫోన్ కంపెనీ దగ్గరున్న 127 రోజుల లొకేషన్ రికార్డుల కోసం పోలీసులు వారెంట్ తెచ్చుకోవాల్సిందేనంది. చివరికి దారికి వచ్చింది, నిజమే. కానీ ఆ 39 ఏళ్లలో ఫోన్ల మీద నిఘాకు గురైనవాళ్లకు ఆ రాజ్యాంగ రక్షణ అందలేదు. చట్టం ఆలస్యాన్ని మోసేది ఎప్పుడూ మామూలు మనిషే.

[స్క్రీన్ మీద: సింగపూర్, 2017 ఏప్రిల్]

ఇప్పుడు నాకు చాలా ఆసక్తిగా అనిపించిన కేసు. క్వొయిన్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్. అందులో బీ2సీ2 అనే సంస్థ ప్రోగ్రామ్ తనంతట తాను కొనుగోళ్లు, అమ్మకాలు చేస్తుంటుంది. ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్‌లో జరిగిన పొరపాటు వల్ల ధరల సమాచారం ఆగిపోయింది. అలాంటప్పుడు వాడమని ముందే రాసిపెట్టిన ధరకు బీ2సీ2 ప్రోగ్రామ్ ఈథర్ అనే క్రిప్టో కరెన్సీని అమ్మేసింది. ఒక్కో ఈథర్‌కు 10 బిట్‌కాయిన్లు, అంటే మార్కెట్ రేటుకు దాదాపు 250 రెట్లు. ఎక్స్ఛేంజ్ ఆ లావాదేవీలను రద్దు చేసింది, గొడవ కోర్టుకెక్కింది.

అవతలివాడు పొరపాటు పడ్డాడని తెలిసీ ఒప్పందం చేసుకుంటే అది చెల్లదన్నది పాత సూత్రం. కానీ ఇక్కడ ఒప్పందం చేసుకున్నవి రెండూ ప్రోగ్రాములే. ఎవరికి ఏం తెలుసని చూడాలి? కోడ్ రాసినవాడి మనసు చూడాలని 2020లో సింగపూర్ అప్పీలు కోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. అవతలివాళ్ల పొరపాటును దోచుకోవాలని అతను ఆ ధర పెట్టలేదు కాబట్టి, ఒప్పందాలు చెల్లుతాయంది. ఒక న్యాయమూర్తి విభేదించారు.

యంత్రానికి మనసు అంటగట్టకుండా, దాని వెనకున్న మనిషిని వెతికి పట్టుకుంది ఈ తీర్పు. అయితే ఆ ప్రోగ్రామ్ రాసింది రాసినట్టు చేసే రకం. తనంతట తాను నేర్చుకునే మోడల్ అయితే, ఫలానా ధర చెబుతుందని రాసినవాడికే తెలియదు. అక్కడ ఈ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో నాకు అనుమానమే.

[స్క్రీన్ మీద: రాత్రి రోడ్డు, కారు హెడ్‌లైట్లు]

మనిషిని వెతకడంలో ఒక ప్రమాదమూ ఉంది. దొరికిన మనిషి మీదే అంతా పడిపోవచ్చు. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ నగరంలో, ఊబర్ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్దింది. ఆమె చనిపోయింది. కంపెనీ మీద క్రిమినల్ కేసుకు ఆధారం లేదని మరుసటి ఏడాది ప్రాసిక్యూటర్ తేల్చారు. 2023లో నేరం ఒప్పుకున్నది, కారును గమనిస్తూ ఉండాల్సిన, డ్రైవర్ సీట్లో కూర్చున్న ఉద్యోగి. డ్యూటీలో ఫోన్ చూస్తూ ఉండటం తప్పే, కాదనను. కానీ ఆ కారును రోడ్డెక్కించిన నిర్ణయాలు తీసుకున్నది ఆ ఉద్యోగి కాదు.

బ్రిటన్ 2024లో తెచ్చిన ఆటోమేటెడ్ వెహికల్స్ చట్టం నాకు నచ్చింది ఇందుకే. అనుమతి పొందిన కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు, అది నడిచిన తీరుకు లోపల కూర్చున్న మనిషిని నేరస్తుణ్ని చేయరు. అనుమతి తీసుకున్న సంస్థే జవాబు చెప్పాలి.

[స్క్రీన్ మీద: 2021 ఏప్రిల్ → 2024 ఆగస్టు 1]

యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం గురించి మీరు వినే ఉంటారు, క్లుప్తంగా చెప్తాను. 2021 ఏప్రిల్‌లో ముసాయిదా వచ్చింది. చర్చలు నడుస్తుండగానే, 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ దిగింది. అన్ని పనులకూ వాడే మోడళ్ల కోసం కొత్త నిబంధనలు చేర్చాల్సి వచ్చింది. 2024 ఆగస్టు 1న చట్టం అమల్లోకి వచ్చింది. నిషేధించిన పనులు చేస్తే 3.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 7 శాతం, ఏది ఎక్కువైతే అది, గరిష్ఠ జరిమానా. అయితే ఆ జరిమానా ప్రభుత్వానికి వెళ్తుంది, నష్టపోయిన మనిషికి కాదు.

[స్క్రీన్ మీద: రుజువు ఎవరు చూపాలి?]

నష్టపోయిన మనిషికి కావాల్సింది రుజువు. అల్గారిథమ్ లోపల ఏం జరిగిందో కంపెనీకి తెలుసు, అతనికి తెలియదు. కోర్టులో నిలబడి ఏం చూపిస్తాడు? అందరూ ఏఐ చట్టం గురించి మాట్లాడుతున్నారు గానీ, నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైనది అదే యూనియన్ 2024లో తెచ్చిన ఉత్పత్తుల బాధ్యత డైరెక్టివ్, అంటే సభ్యదేశాలకు ఇచ్చిన ఆదేశం. సాఫ్ట్‌వేర్ కూడా ఉత్పత్తేనని అది స్పష్టంగా రాసింది. బాధితుడి వాదనలో పస ఉంటే, తన దగ్గరున్న సాక్ష్యాన్ని బయటపెట్టమని కోర్టు కంపెనీని ఆదేశించవచ్చు. కంపెనీ ఇవ్వకపోతే, ఉత్పత్తిలో లోపం ఉందనే కోర్టు అనుకుంటుంది. లేదని నిరూపించుకునే భారం అప్పుడు కంపెనీదే. సాంకేతిక సంక్లిష్టత వల్ల రుజువు మరీ కష్టమైతే, లోపం ఉండే అవకాశం ఉందని బాధితుడు చూపగలిగితే చాలు.

సభ్యదేశాలు 2026 డిసెంబర్ 9లోపు దీన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి. ఆ తేదీ తర్వాత మార్కెట్లోకి వచ్చినవాటికే ఇది వర్తిస్తుంది. అంతకుముందు అమ్మినవాటికి 1985 నాటి పాత డైరెక్టివే దిక్కు. అందులో లోపాన్ని నిరూపించాల్సింది బాధితుడే.