మా తాత ఏ పేజీలో ఉన్నాడు? ఊరి చరిత్ర పుస్తకంపై స్టూడియో చర్చ

(రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. ఒకరి మాట మీద ఒకరు పడ్డ చోట వినపడినంతే రాశాం. మాస్టారు ఒకే మాట నాలుగైదుసార్లు అన్నారు, రెండుసార్లకి తగ్గించాం.)

యాంకర్: నమస్కారం. పోయిన వారం ఒక ఊరి చరిత్ర పుస్తకం ఆవిష్కరణ సభ రసాభాస అయింది. వెనక వరసలోంచి ఒకాయన చేతిలో కాగితం పట్టుకుని లేచి, "మా తాత ఏ పేజీలో ఉన్నాడు?" అని అడిగాడు. జవాబు రాలేదు. కుర్చీలు లేచాయి. ఆ పుస్తకం రాసిన రిటైర్డ్ తెలుగు మాస్టారు మనతో ఉన్నారు. చరిత్ర ప్రొఫెసర్ గారు, వలస కుటుంబాల మీద పరిశోధన చేస్తున్న మేడమ్ కూడా వచ్చారు. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాం, ముందే చెబుతున్నా. మాస్టారూ, అసలు ఈ రోజుల్లో ఫోన్ పట్టుకున్న పిల్లాడు ఊరి చరిత్ర పుస్తకం చదువుతాడంటారా?

మాస్టారు: అది తర్వాత సంగతండీ. నేను ఒక్క అక్షరం కల్పించలేదు. కైఫియత్తు, అంటే ఊరి పాత సంగతులు రాయించిన కాగితం, దగ్గర పెట్టుకుని రాశాను. ఈస్టిండియా కుంపినీ సర్వేయరు కర్నల్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరా తిప్పాడు. ఊరి లెక్కలు రాసే కరణాల దగ్గరున్న దండకవిలెలు, అంటే పాత లెక్కల పుస్తకాలు, వెతికించి, పెద్దలు చెప్పింది రాయించి పోగుచేశాడు. ఆ పని చేసిపెట్టింది మన ఏలూరు కావలి సోదరులు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. 1821లో మెకంజీ పోయాక, పాడైపోతున్న ఆ కాగితాలకి బ్రౌను దొర నకళ్ళు రాయించాడు. అవే లేకపోతే...

ప్రొఫెసర్: మాస్టారూ, ఒక్క నిమిషం...

మాస్టారు: పూర్తి చెయ్యనివ్వండి. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, అగ్రహారం ఎవరిది, అన్నీ అందులో ఉన్నాయి. ఆధారం ఉన్నది రాశాను. ఆధారం లేనిది రాస్తే అది పుక్కిటి పురాణం.

ప్రొఫెసర్: పురాణం అన్నారు కాబట్టి చెబుతున్నా. కొన్ని కైఫియత్తులు జనమేజయుడి దానం దగ్గరే మొదలవుతాయి. అదీ పురాణమే కదా?

మాస్టారు: అది నేను వదిలేశానండీ! ఏది తీసుకోవాలో ఏది వదలాలో తెలియదా నాకు?

పరిశోధకురాలు: సమస్య అక్కడే ఉందండీ. వివరాలు ఇచ్చింది కరణం. కరణానికి కావలసింది భూమి లెక్క. ఇనాం ఎవరిది, శిస్తు ఎంత. సెంటు భూమి లేనివాడితో ఆ కవిలెకి పని లేదు. మాస్టారు గారు దాన్ని తప్పుగా చదివారని నేను అనను. అదొక్కటే చదివి ఊరంతా ఇదే అంటే...

మాస్టారు: ఒక్కటే ఏమిటి తల్లీ? శాసనాలు చూశాను. జిల్లా మాన్యువల్ చూశాను.

పరిశోధకురాలు: మాన్యువల్ రాసినవాళ్ళూ దొరతనం ఉద్యోగులే...

మాస్టారు: తొమ్మిదేళ్ళు తిరిగాను! సొంత డబ్బుతో అచ్చేశాను! (బల్ల చరిచారు. మైకు గుయ్యిమంది.)

యాంకర్: మాస్టారి ఆవేదన అర్థమవుతోంది. ప్రొఫెసర్ గారూ, ఇదంతా యాప్‌లో పెడితే పిల్లలు చూస్తారా?

ప్రొఫెసర్: ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒక మాట మాత్రం చెప్పాలి. కైఫియత్తులు ఎక్కువగా కుంపినీ చేతిలో ఉన్న ప్రాంతాలవి. నిజాం ఇలాకా ఊళ్ళవి తక్కువ. అక్కడివాళ్ళు తమ చరిత్ర వేరే దారుల్లో వెతుక్కోవాల్సి వచ్చింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. పుస్తకంలో లేకపోతే మనిషే లేడనుకుంటారు, అదీ సంగతి.

మాస్టారు: చూశారా! అచ్చేశారు కాబట్టే నిలబడింది. నేను చేసిందీ అదే.

ప్రొఫెసర్: ఆయన లేరన్నవాళ్ళని వెతికి వేశారండీ. మీరు ఉన్నవాళ్ళనే...

మాస్టారు: ఉన్నవాళ్ళు చేసిందేమీ లేదా? చెరువు దానంతట అదే తవ్వుకుందా?

పరిశోధకురాలు: తవ్వించినవాళ్ళ పేరు ఉంది. తవ్వినవాళ్ళ పేరు లేదు.

(ఇక్కడ నలుగురూ ఒకేసారి మాట్లాడారు. "యాప్" అన్న మాట ఒక్కటే తెలిసింది.)

యాంకర్: మేడమ్, తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉంటే కదా రాయడానికి?

పరిశోధకురాలు: ఉన్నాయండీ, ఓడల జాబితాల్లో. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకి లక్షా 52 వేల పైచిలుకు మందిని కూలి ఒప్పందం మీద తీసుకెళ్ళారు. ఎక్కువమంది ఎక్కింది మద్రాసు రేవులోనే. వాళ్ళలో విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళున్నారు. ఒక పద్దు నకలు తెచ్చాను. (కాగితం చూపించారు. కెమెరా మాస్టారి మీదే ఉంది.) పేరు, ఇంటిపేరు లేకుండా ఒకే మాట. తండ్రి పేరు. వయసు 22. కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు. చివరి గడిలో ఒంటి మీద గుర్తు. "ఎడమ మోకాలి మీద మచ్చ."

ప్రొఫెసర్: ఉత్తర ఆర్కాటు అంటే మన చిత్తూరు వైపు కూడా వస్తుంది. 1911లో కదా చిత్తూరు జిల్లా ఏర్పడింది. జిల్లా పేరు చూసి అరవవాళ్ళనుకుని వదిలేస్తారు చాలామంది. పాత తాలూకాల హద్దులు తెలియకపోతే...

యాంకర్: హద్దుల్లోకి వెళ్ళొద్దు సార్.

మాస్టారు: అది తెల్లవాడు రాసుకున్న కూలీల పట్టీ అమ్మా. చరిత్ర ఎలా అవుతుంది?

పరిశోధకురాలు: మరి మెకంజీ ఎవరండీ?

(నవ్వులు. మాస్టారు కూడా నవ్వారు.)

పరిశోధకురాలు: ఇంకొకటి. ఆ పట్టీలో ఆడమనిషికీ సొంత నంబరు ఉంది, సొంత వరస ఉంది. మీ పుస్తకం చివర వంశవృక్షాల్లో ఒక్క ఆడపిల్ల పేరు లేదు.

మాస్టారు: వంశవృక్షం అంటే అంతే కదమ్మా. ఆధారం ఉన్నదే... నన్ను చెప్పనివ్వండి. ఇవాళ కరణాన్ని తిట్టడం ఫ్యాషనైంది. మా నాన్న కరణమండీ. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ ఉద్యోగాలు తీసేసినప్పుడు లెక్కల పుస్తకాలన్నీ మూటగట్టి అప్పజెప్పి వచ్చాడు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున అలవాటు కొద్దీ సిరాబుడ్డి ముందు పెట్టుకుని కూచున్నాడు. రాయడానికేముంది? కాసేపటికి మా అమ్మ వచ్చి సిరాబుడ్డి తీసేసింది.

(కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. గంట కార్యక్రమంలో ఇలా జరిగింది ఈ ఒక్కసారే.)

పరిశోధకురాలు: మాస్టారూ, ఇది మీ పుస్తకంలో ఉందా?

మాస్టారు: లేదు. అది మా ఇంటి విషయం.

ప్రొఫెసర్: అసలు రాయాల్సింది అదే కదండీ...

మాస్టారు: దానికి ఆధారమేముంది? నేను చూశాను, అంతే. నేను చూసింది చరిత్ర ఎలా అవుతుంది?

యాంకర్: చాలా ఎమోషనల్ విషయం చెప్పారు మాస్టారూ. ఇలాంటివి చిన్న వీడియోగా పెడితే పిల్లలు తప్పకుండా చూస్తారు.

పరిశోధకురాలు: మాస్టారు ఇప్పుడు అన్నదాని మీద ఒక్క మాట...

యాంకర్: మేడమ్, పది సెకన్లు. మాస్టారూ, ముందు మీరు ముగించండి. నాకైతే మీ శ్రమ ముందు మిగతావన్నీ చిన్నవే అనిపిస్తోంది.

మాస్టారు: అదీ మాట. తొమ్మిదేళ్ళు తిరిగాను. ఎవరినీ కావాలని వదల్లేదు. రెండో ముద్రణ వేస్తాను, ఆయన తాత పేరు కూడా వేస్తాను. ఆధారం పట్టుకుని రమ్మనండి.

పరిశోధకురాలు: తెచ్చారండీ. సభలో ఆయన చేతిలో ఉన్న కాగితం ఇదే. మోకాలి మీద మచ్చ...

యాంకర్: టైమ్ అయిపోయింది. చిన్న విరామం.

(మైకులు ఆపేశారు. తెర మీద మాస్టారి పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.)