ఇల్లు వదిలి పరుగెత్తాల్సి వస్తే ఏ బండి? పెద్ద జీపా, ఇంట్లో ఉన్న కారా?

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఈరోజు మైలేజీ ఎంత, సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, ఇవేవీ మాట్లాడను. వరదో తుఫానో అడవి మంటో వచ్చి "పావుగంటలో ఇల్లు ఖాళీ చేయండి" అన్నారనుకోండి, ఏ బండెక్కుతారు, అందులో ఏం పెట్టుకుంటారు, అదే ఇవాల్టి టాపిక్. థంబ్‌నెయిల్‌లో ఎత్తుగా ఉన్న జీప్ బొమ్మ చూసి వచ్చారు కదా, సారీ, అది మిమ్మల్ని లోపలికి లాగడానికి పెట్టిందే.

ఎందుకంటే ఇలాంటి వీడియోలు ఏది చూసినా ఒకటే గోల, పెద్ద టైర్లు, ముందు ఇనప గార్డు, పైన లైట్ల వరస, వాగులో దూకుతున్న షాట్లు. నిజంగా ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయినప్పుడు ఏం జరిగిందో చూస్తే కథ వేరే ఉంటుంది. 2005లో అమెరికాలో రీటా తుఫాను వస్తోందని హ్యూస్టన్, ఆ చుట్టుపక్కల నుంచి 25 లక్షల మందికి పైగా ఒకేసారి రోడ్డెక్కారు. మామూలుగా నాలుగైదు గంటల్లో అయిపోయే దారి కొందరికి ఒక రోజంతా పట్టింది, ఎండ మండిపోతోంది, ఏసీ వేస్తే పెట్రోల్ అయిపోతుందని ఆపేసుకుని కూర్చున్నారు, పెట్రోల్ అయిపోయిన కార్లు రోడ్డు పక్కన వరసగా నిలబడిపోయాయి. ఆ తుఫాను పేరు మీద పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం గాలికీ నీళ్లకీ కాదు, ఇలా దారిలో పోయినవే. వృద్ధాశ్రమం వాళ్లని తీసుకెళ్తున్న బస్సు ఒకటి డాలస్ దగ్గర మంటల్లో చిక్కుకుని 23 మంది చనిపోయారు, కారణం ఏంటంటే వెనక చక్రం బేరింగ్‌లో గ్రీజు లేక అది వేడెక్కి అంటుకుంది, లోపలేమో ఆక్సిజన్ సిలిండర్లు. గ్రీజండి బాబూ, గ్రీజు.

అందుకే నా లెక్క ఏంటంటే, ఇది కొండలెక్కే బండి కాదు, జామ్‌లో పది గంటలు కూర్చోగలిగే బండి. ఆ దృష్టితోనే ఒక్కోటీ చూద్దాం.

పెద్ద ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి ఉందా, మంచిదే, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు బాగా ఉంటుంది, చెట్టు కొమ్మలు పడ్డ రోడ్డు మీద ఉపయోగపడుతుంది, కానీ తాగుతుంది బాగా, అడుగు అడుగు పాకే ట్రాఫిక్‌లో ఇంకా తాగుతుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌ని తక్కువ చేయకండి, ఎక్కడ సందు దొరికితే అక్కడ యూటర్న్ కొట్టేస్తుంది, కాకపోతే నలుగురెక్కితే డిక్కీలో ఇంకేం పట్టదు. ఏడు సీట్ల బండి నా ఫేవరెట్, వెనక సీట్లు మడిస్తే పెద్దాయన పడుకోవచ్చు కూడా, చూడ్డానికి స్టైల్ లేదని ఎవరూ దీని మీద వీడియో చేయరు అంతే. పికప్ ట్రక్కుకి సామాను బలం ఉంది గానీ వెనక తొట్టిలో మనుషుల్ని ఎక్కించుకోవద్దు ప్లీజ్. బైక్ జామ్‌లోంచి దూరిపోతుంది, ఒక్కరో ఇద్దరో అయితే ఓకే, పొగలో వానలో పిల్లలతో మాత్రం అస్సలు కాదు.

ఇక ఈవీ, అంటే బ్యాటరీతో నడిచే కరెంట్ కారు. "ఈవీ అయితే మధ్యలో ఆగిపోతుంది కదా" అని అడుగుతారు చూడండి, జామ్ విషయంలో అది తప్పు. నిలబడి ఉన్నప్పుడు మోటార్ కరెంట్ తినదు, ఏసీ ఒక్కటే తింటుంది, అది గంటకి ఒకటిన్నర యూనిట్ వేసుకున్నా 60 యూనిట్ల బ్యాటరీ ఫుల్‌గా ఉంటే 40 గంటలు ఏసీలో కూర్చోవచ్చు. పెట్రోల్ ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉంటేనే గంటకి ముప్పావు లీటర్ అటూ ఇటూగా తాగేస్తుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఈవీ అసలు ఇబ్బంది వేరే, కరెంట్ పోయిన ఊళ్లో చార్జింగ్ ఉండదు, డబ్బాతో తెచ్చి పోయలేం. అందుకని హెచ్చరిక వచ్చిన రోజే ఫుల్ చార్జ్ పెట్టేయండి, మామూలు రోజుల్లో 80 శాతం దాకానే చార్జ్ చేయాలనే రూల్ ఆ రోజుకి పక్కన పెట్టేయొచ్చు. పెట్రోల్, డీజిల్ వాళ్లకి ఒకటే రూల్, ముల్లు సగం కిందకి దిగనివ్వకండి. ముందు అవగొట్టుకుని తర్వాత క్యూలో నిలబడదామంటే బంకులో కరెంట్ లేకపోతే పంపు పనిచేయదు మరి.

ఇప్పుడు అసలు విషయం, ఎవరూ చెప్పనిది, బరువు. మొన్న నేను నిజంగానే మా కారు లోడ్ చేసి చూశా, ఇదిగో ఈ క్లిప్ చూడండి, వెనక ఎలా కుంగిందో, హెడ్‌లైట్లు ఆకాశంలోకి కొడుతున్నాయి, ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కింద గర్రున గీసుకుంది. అప్పుడు కూర్చుని లెక్క వేశా. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, మొత్తం ఎంత బరువు మోయొచ్చో అందులో ఉంటుంది, లేకపోతే మాన్యువల్‌లో గ్రాస్ వెయిట్ (నిండా లోడైన బండికి గరిష్ట బరువు) లోంచి కర్బ్ వెయిట్ (ఖాళీ బండి బరువు) తీసేయండి, వచ్చేదే మీ కోటా. చిన్న మెలిక ఉంది, కొన్ని దేశాల్లో కర్బ్ వెయిట్‌లోనే డ్రైవర్‌ని 75 కిలోలుగా కలిపేస్తారు, అది చూసుకోండి. మాది 450 కిలోలు. ఐదుగురు పెద్దవాళ్లు, మనిషికి 70 చొప్పున 350 పోయింది. మిగిలింది 100. తాగడానికీ చేతులూ మొహం కడుక్కోడానికీ మనిషికి రోజుకి 4 లీటర్లు అనుకుంటే మూడు రోజులకి 60 లీటర్లు, అంటే 60 కిలోలు. 20 లీటర్ల పెట్రోల్ క్యాన్ ఒకటి, క్యాన్‌తో కలిపి 19 కిలోల దాకా. ఇంక మిగిలింది 21 కిలోలు, అందులో ఐదుగురి బ్యాగులు, తిండి, పరుపులు, మందులు. అయ్యే పనేనా? కాదు. అందుకే నీళ్లు ఒక రోజుకి సరిపడానే పెట్టుకున్నా, పెట్రోల్ క్యాన్ తీసేశా, ట్యాంకే ఫుల్ ఉంచుకుంటా. అసలు ఆ క్యాన్ క్యాబిన్ లోపల పెట్టుకుని వెళ్లడమంటే ఆవిరి పీలుస్తూ నిప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టే. తప్పక పెట్టుకోవాలంటే బయట, సీల్ ఉన్న అసలైన ఫ్యూయల్ క్యాన్‌లో, నిండా పోయకుండా, పోసేటప్పుడు క్యాన్ నేల మీద పెట్టి.

పైన క్యారియర్ ఉంది కదా అంటారు. చాలా కార్లకి రూఫ్ లిమిట్ 50 నుంచి 100 కిలోల మధ్యే, క్యారియర్ బరువు కూడా అందులోంచే పోవాలి. పైన బరువు పెట్టారంటే మలుపులో బండి ఊగుతుంది, మైలేజీ పడిపోతుంది. తేలికైనవి, దుప్పట్లు, బట్టలు అలాంటివే పైకి. బరువైనవి కింద, వెనక సీటుకి ఆనించి, కట్టేసి. సడన్ బ్రేక్ వేస్తే ఆ నీళ్ల క్యాన్ ఎగిరొచ్చి ముందు కూర్చున్న వాళ్ల మెడ మీద పడుతుంది.

టైర్లు. గోడ మీద డీఓటీ అని ఉండే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది అని అర్థం. ఆ పూర్తి కోడ్ చాలాసార్లు ఒక పక్కే ఉంటుంది, అది లోపలి పక్కకి వచ్చిందంటే కిందకి దూరాల్సిందే. నేను దూరాను, చొక్కా పోయింది. నాలుగూ బానే ఉన్నాయి గానీ స్టెప్నీ చూస్తే పదకొండేళ్లది, ఒక్కసారి కూడా రోడ్డు మీద తిరగలేదు, గీతలన్నీ కొత్తగా ఉన్నాయి, రబ్బరు మాత్రం పగుళ్లు. అందులో గాలి కూడా సగమే. సన్నగా ఉండే టెంపరరీ స్టెప్నీ అయితే గాలి ఒత్తిడి 60 పీఎస్ఐ దాకా కావాలి, దాని మీద గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు. ఇప్పుడు చాలా కొత్త కార్లకి స్టెప్నీయే ఇవ్వట్లేదు, ఒక సీసాలో జిగురు మందు, చిన్న పంపు ఇస్తారు, మేకు దిగితే అది పనిచేస్తుంది, పక్క గోడ చీలితే పనికిరాదు, పైగా ఆ మందుకి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రోడ్డంతా గాజు పెంకులు, మేకులు, రేకులే, కాబట్టి వీలైతే ఫుల్ సైజ్ స్టెప్నీ కొనుక్కోండి. ఇంకోటి, ఫుల్ లోడ్‌కి గాలి ఎక్కువ కావాలి, ఆ నంబర్ కూడా ఆ డోర్ దగ్గరో పెట్రోల్ మూత వెనకో రాసి ఉంటుంది.

నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. పారే నీళ్లు 15 సెంటీమీటర్లు ఉంటే మనిషి కాలు నిలవదు, 30 ఉంటే చిన్న కారు తేలిపోతుంది, 60 ఉంటే మీ పెద్ద జీప్ కూడా కొట్టుకుపోతుంది. ఎత్తు ఎక్కువ కాబట్టి పోతుందిలే అనుకునేది అక్కడే బోల్తా పడుతుంది. చాలా కార్లకి ఇంజిన్ గాలి పీల్చే గొట్టం ముందు గ్రిల్ వెనకే ఉంటుంది, అది నీళ్లు పీల్చిందంటే ఇంజిన్ లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అయిపోయినట్టే. వెనక్కి తిప్పేయండి.

అద్దాలు పగలగొట్టే సుత్తి గురించి ఒక చేదు నిజం. ఇప్పుడొచ్చే చాలా బండ్లలో పక్క అద్దాలు కూడా లామినేటెడ్, రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. 2019లో అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం వాళ్లు ఆరు రకాల టూల్స్ పరీక్షించారు, లామినేటెడ్ అద్దం మీద ఒక్కటి కూడా పనిచేయలేదు. టెంపర్డ్ అద్దం, అంటే పగిలితే చిన్న చిన్న ముక్కలుగా రాలిపోయే మామూలు పక్క అద్దం మీద స్ప్రింగ్ టైపు టూల్ సుత్తి కన్నా మెరుగ్గా పనిచేసింది. అద్దం మూల చిన్న అక్షరాలు చదవండి, టెంపర్డ్ అనో లామినేటెడ్ అనో ఉంటుంది. మా దాంట్లో ముందు తలుపులు లామినేటెడ్, వెనకవి టెంపర్డ్, అంటే నీళ్లలో పడితే నేను కొట్టాల్సింది వెనక తలుపు అద్దం అన్నమాట, అది ఇంట్లో అందరికీ చెప్పి పెట్టా. అసలైతే నీళ్లలో పడగానే ముందు బెల్ట్ తీసి కిటికీ దించాలి, కరెంట్ కిటికీలు కాసేపు పనిచేస్తాయి, తలుపుతో కుస్తీ పడితే టైం పోతుంది.

మంట అయితే వేరే. 2018లో కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరు తగలబడినప్పుడు 85 మంది పోయారు, రోడ్ల మీద వదిలేసిన కార్ల అల్యూమినియం చక్రాలు కరిగి నేల మీద కాలువ కట్టాయి, అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి, ఎంత వేడో ఆలోచించండి. అలాంటి చోట ఏ యాక్సెసరీ కాపాడదు, ముందే బయల్దేరడం ఒక్కటే. పొగలో రీసర్క్యులేషన్ బటన్ (బయటి గాలి రాకుండా లోపలి గాలినే తిప్పేది) నొక్కండి, అద్దాలన్నీ ఎత్తేయండి, హెడ్‌లైట్లు వేసుకోండి, కానీ ఆ బటన్ గంటల తరబడి అలాగే ఉంచితే లోపల గాలి చెడి నిద్ర ముంచుకొస్తుంది, పొగ తగ్గినచోట ఓసారి బయట గాలి రానివ్వండి. బండి లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తుందా?

డిక్కీలో ఏం పెట్టాలంటే గబగబా చెప్పేస్తా. జాకీ, వీల్ స్పానర్, 12 వోల్టుల గాలి పంపు, జంప్ స్టార్టర్ (బ్యాటరీ డౌన్ అయిన బండిని స్టార్ట్ చేసే చిన్న పెట్టె) అయితే ఎండలో వదిలేయకుండా ఇంట్లో చార్జ్ చేసి తలుపు దగ్గర ఉంచుకోవాలి, టార్చి, గ్లవ్స్, తాడు, కిలో పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ఫస్ట్ ఎయిడ్, కాయితం మ్యాపు. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు కూడా, టవర్లు పడిపోయాక మీ ఫోన్ ఒక ఖరీదైన టార్చి అంతే. లాగే కొక్కెం టూల్ కిట్‌లో విడిగా ఉంటుంది, బంపర్ మీద చిన్న మూత తీసి బిగించాలి, అది ఎక్కడుందో ఇవాళే వెతకండి. 12 వోల్టుల బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లే, ఈవీల్లో కూడా ఆ చిన్న బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ ఫుల్ ఉన్నా బండి లేవదు.

కరెంట్ గ్యారేజ్ తలుపు ఉన్నవాళ్లు వినండి. 2017లో కాలిఫోర్నియా మంటల్లో కరెంట్ పోయి, తలుపు ఎత్తలేక కొందరు లోపలే ఉండిపోయారు, ఆ తర్వాత అక్కడ కొత్త మోటార్లకి బ్యాటరీ బ్యాకప్ ఉండాలని చట్టం చేశారు, 2019 జులై నుంచి అమలు. పైన ఎర్ర తాడు వేలాడుతుంటుంది కదా, అది లాగి చేత్తో ఎత్తడం ఇంట్లో చిన్నవాళ్ల దగ్గర్నుంచి అందరికీ రావాలి. ఇంకా, బండి ఎప్పుడూ మూతి రోడ్డు వైపు పెట్టి పార్క్ చేయండి, రోజూ ఒక నిమిషం కష్టం అంతే.

చివరగా మేం చేసిన డ్రిల్. స్టాప్‌వాచ్ పెట్టి అందరం దిగి, సామాను ఎక్కించి, గేటు దాటేదాకా 41 నిమిషాలు పట్టింది. సామానుకి పట్టింది 15 నిమిషాలే, తాళాలకి, చార్జర్లకి పది, మిగతాదంతా పిల్లిని వెతకడానికి. రెండోసారి 19కి వచ్చాం. పిల్లి బుట్ట ఇప్పుడు డిక్కీలో కాదు, తలుపు పక్కనే తెరిచి పెట్టి ఉంది, అందులో దాని దుప్పటి వేశాం, దానంతట అదే వెళ్లి పడుకుంటోంది. మూడోసారి డ్రిల్ వచ్చే ఆదివారం, టైం ఎంతొచ్చిందో కింద పిన్ చేస్తా. ఉంటానండి.