గేమ్స్ పీరియడ్‌లో వీడియో పెట్టేస్తే చాలా?

"ఆన్‌లైన్‌లో మంచి వీడియో దొరికింది, క్లాసులో పెట్టేశాను, పిల్లలు చూసి నేర్చుకుంటారు." ఈ మాట విన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది. వ్యాయామం, ఆరోగ్యం చెప్పడానికి ఇప్పుడు నెట్‌లో బోలెడంత ఉచితంగా దొరుకుతోంది, సంతోషమే. కానీ ఆ వీడియో ముందు చూడాల్సింది మీరు.

బంతి విసరడమే తీసుకుందాం.

[తెర మీద: బంతి పట్టుకుని నిలబడ్డ పాప బొమ్మ]

ఈ పాప కుడిచేత్తో విసురుతోంది. కుడికాలే ముందుకు వేసింది. మోచెయ్యి ఒంటికి అతుక్కుపోయింది, నడుము తిరగలేదు. బంతి నాలుగడుగుల అవతల దబ్బున పడింది. గొప్ప ఆటగాడు విసిరే వీడియో పదిసార్లు చూపించండి, మళ్లీ కుడికాలే వేస్తుంది. తన కాలు ఎటు పడుతోందో తనకి కనబడదు కదా! అది పట్టుకోవాల్సింది మీ కళ్లు. వీడియో ఆ కళ్లకి పదును పెట్టాలి.

అందుకే "ఎదురు కాలు ముందుకు" (అంటే విసిరే చేతికి అవతలివైపు కాలు) లాంటి చిన్న మాట మీ నోటికి అందించే వీడియోనే నేను మంచిదంటాను. నేల మీద సుద్దతో పాదం గుర్తు గీయండి, ఎడమకాలు అందులో వెయ్యమనండి. ఇంకోటి, మొదట్లోనే గురి పెట్టించకండి. చిన్న గుర్తు చూపిస్తే పిల్లలు ఒళ్లు బిగబట్టుకుని చేత్తో తోస్తారు. గోడకేసి గట్టిగా కొట్టమంటే కాలూ నడుమూ కూడా పనిలోకి దిగుతాయి.

ఇక డౌన్‌లోడ్ చేసుకున్న ఆటల ప్లాన్లు. చూడగానే నేను లెక్క వేసేది ఒకటే: ఎంతమంది ఊరికే నిలబడతారు? 40 నిమిషాల పీరియడ్, 30 మంది, ఒకటే బంతి, విసురుకి పది సెకన్లు. మొత్తం 240 విసుర్లు. అంటే మన పాపకి దక్కేవి 8. మిగతా టైమంతా లైన్లో నిలబడటమే! అదే ఇద్దరికో బంతి ఇస్తే 120. బంతులు లేకపోతే పాత కాగితాలు ఉండచుట్టి టేపు వేయండి, గోడకి కొట్టడానికి బాగానే పనికొస్తాయి. లైన్లో నిలబెట్టే ప్లాన్ ఎంత అందంగా ఉన్నా నేను పక్కన పడేస్తాను.

ఆరోగ్య పాఠానికీ ఇదే సూత్రం. చేతులు కడుక్కునే పోస్టర్ గోడకి అంటిస్తే సరిపోదు. సబ్బు నురగ బొటనవేలికి తగలకుండానే చేతులు దులిపేసుకునే పిల్లాడు ఒకడుంటాడు. వాడు మన కుడికాలు పాప లాంటివాడే. వాణ్ని మీరే చూడాలి.

మీకు దొరికిన వీడియో, పీడీఎఫ్ ఎప్పటివో తేదీ కూడా చూసుకోండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజూ కనీసం 60 నిమిషాల వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. 2020లో దాన్ని వారం మొత్తం మీద రోజుకి సగటున 60 నిమిషాలుగా మార్చింది. ఒకరోజు తగ్గినా ఇంకోరోజు పూడ్చుకోవచ్చన్నమాట, పిల్లలకి ఎంత టెన్షన్ తగ్గుతుందో చూడండి. పాత పీడీఎఫ్‌లో ఇది ఉండదు.

అలాగే మర్నాటి ఒళ్లునొప్పులకి, వ్యాయామం చేసేటప్పుడు కండరాల్లో పుట్టే లాక్టిక్ యాసిడే కారణమని చెప్పే వీడియో కనబడితే ఆపేయండి. వ్యాయామం ఆపాక ఒకటి రెండు గంటల్లోనే రక్తంలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి మొదలయ్యేది మర్నాడు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. వార్మప్‌కి ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వాళ్ల ఫిఫా 11+ ప్రోగ్రామ్ చూడండి: 15 వ్యాయామాలు, సుమారు 20 నిమిషాలు, 14 ఏళ్లు దాటినవాళ్లకి. చిన్నపిల్లలకి వేరేగా కిడ్స్ ప్రోగ్రామ్ ఉంది. వ్యాయామం ఎంత జోరుగా ఉందో తెలియాలంటే, మాట్లాడగలిగి పాడలేకపోతే మధ్యస్థం, నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రం. ఫోన్లో స్లోమోషన్ తీసి పాప కాలు పాపకే చూపించడం అద్భుతంగా పనిచేస్తుంది, కానీ తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, చూపించాక డిలీట్ చేసేయండి.

రేపటి పీరియడ్‌కి ఒక్క వీడియో చాలు. సౌండ్ తీసేసి మూడుసార్లు చూడండి. మూడోసారి కాళ్లు మాత్రమే చూడండి.