విప్లవంలో మితవాదులే ముందు ఎందుకు కూలిపోతారు?

(తెర మీద: 1649 జనవరి 30, 1793 జనవరి 21, 1918 జులై 17)

నమస్తే అండి. ఈ మూడు తేదీలూ ముగ్గురు రాజులు చనిపోయిన రోజులు. ఇంగ్లండ్ మొదటి చార్లెస్, ఫ్రాన్స్ పదహారో లూయీ, రష్యా చక్రవర్తి రెండో నికొలస్. స్కూల్లో ఈ మూడు విప్లవాలనీ వేరువేరు పాఠాలుగా చదివేసి వదిలేశాం కానీ, పక్కపక్కన పెట్టి చూస్తే చాలా దూరం ఒకే దారిలో నడిచినట్టు ఉంటాయి.

మొదలు డబ్బు దగ్గర. చార్లెస్ పదకొండేళ్లు పార్లమెంటును పిలవకుండా, తనకు తోచిన పన్నులతో నెట్టుకొచ్చాడు, స్కాట్లాండ్‌తో యుద్ధం వచ్చేసరికి చేతిలో డబ్బు లేక 1640లో పిలవక తప్పలేదు. లూయీది అప్పుల బాధ. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి పెట్టిన ఖర్చు కూడా ఆ అప్పుల్లో ఉంది, చివరికి 1614 తర్వాత ఒక్కసారి కూడా కూడని ఎస్టేట్స్ జనరల్‌ను, అంటే మతగురువులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభను, 1789 మేలో కూర్చోబెట్టాడు. రష్యాలో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, రొట్టె దొరకడం లేదు. 1917 మార్చి 8న పెట్రోగ్రాడ్ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు రోడ్డెక్కారు, నాలుగైదు రోజుల్లోనే వాళ్లను కాల్చమని పంపిన సైనికులు వాళ్లలోనే కలిసిపోయారు.

ఈ సైనికుల సంగతి గుర్తుపెట్టుకోండి. 1848లో వియన్నాలో కూడా జనం లేచారు, ఆస్ట్రియా ప్రధాన మంత్రి మెటర్నిక్ అంతటివాడు పారిపోయాడు, కానీ సైన్యం చక్రవర్తి వైపే నిలబడింది, అక్టోబర్ చివరికి ఫిరంగులతో నగరాన్ని మళ్లీ పట్టుకుంది. జనం కోపం ఒక్కటే సరిపోదు, తుపాకీ పట్టినవాడు ఎటు తిరిగాడన్నదే తేల్చింది.

(తెర మీద: పార్లమెంటు మెట్లు)

నాకు అన్నిటికంటే బాధ కలిగించే దశ ఈ తర్వాతది. రాజు బలహీనపడగానే ముందు మితవాదులు వస్తారు, చదువుకున్నవాళ్లు, చట్టం ప్రకారం పోదామనేవాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, కానీ జనం దేనికోసం వచ్చారో అది ఇవ్వలేకపోయారు. 1647లో ఇంగ్లండ్ పార్లమెంటులోని మితవాదులు, రాజు మీద యుద్ధం గెలిపించిన తమ సైన్యాన్నే, నెలల తరబడి ఉన్న జీతం బకాయి పూర్తిగా కట్టకుండా ఇంటికి పంపాలని చూశారు. సైన్యం తిరగబడింది. 1648 డిసెంబర్‌లో కల్నల్ ప్రైడ్ పేర్ల జాబితాతో పార్లమెంటు మెట్ల మీద నిలబడి, రాజుతో రాజీకి ఒప్పుకునేవాళ్లను లోపలికి రానివ్వలేదు. రెండు నెలలు తిరగకముందే చార్లెస్ తల తెగింది.

ఫ్రాన్స్‌లో జిరాండిన్లు అనే మితవాదులు 1792లో ఆస్ట్రియా మీద యుద్ధం కావాలని పట్టుబట్టారు, వద్దన్నవాళ్లలో అతివాదుల నాయకుడు రోబెస్పియర్ ఒకడు. ఆ యుద్ధం తిరగబడి, ధరలు మండిపోయి, 1793 జూన్ 2న సాయుధులైన పారిస్ జనం ఫిరంగులతో సభను చుట్టుముట్టి జిరాండిన్ నాయకులను పట్టించారు, అక్టోబర్ చివర్లో వాళ్లు తల నరికే యంత్రం గిలటిన్ ఎక్కారు. రష్యాలో, చక్రవర్తి దిగిపోయాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వ నాయకుడు కెరెన్స్కీ, యుద్ధంతో విసిగిపోయిన సైన్యాన్ని 1917 వేసవిలో మళ్లీ దాడికి పంపాడు, భూమి పంపకం తర్వాత చూద్దాం అన్నాడు. లెనిన్ నాయకత్వంలోని అతివాదులు బోల్షెవిక్‌లు మాత్రం శాంతి, భూమి, రొట్టె అన్నారు. ఆకలితో క్యూలో నిలబడిన మనిషికి ఎవరి మాట వినిపిస్తుంది చెప్పండి?

అతివాదులు వచ్చాక భయం రాజ్యమేలింది. ఫ్రాన్స్‌లో అధికారికంగా మరణశిక్ష పడినవాళ్లే దాదాపు 17,000 మంది, రోబెస్పియర్ కూడా 1794 జులైలో అదే గిలటిన్ కింద పోయాడు. రష్యాలో చేకా అనే రహస్య పోలీసు వచ్చింది. ఇంగ్లండ్‌లో ఆ స్థాయి రక్తపాతం లేదు, కానీ ఐర్లండ్‌లో పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ సైన్యం చేసిన ఊచకోతలు చదివితే ఆ మాట గట్టిగా అనబుద్ధి కాదు.

జనం అలసిపోయాక ఒక్కడి చేతికి పగ్గాలు వెళ్లాయి, 1653లో క్రామ్‌వెల్, 1799లో నెపోలియన్. వీళ్లిద్దరూ సైన్యం నుంచి వస్తే, స్టాలిన్ పార్టీ ఆఫీసులో కూర్చుని పైకి వచ్చాడు, కాబట్టి ముగ్గురినీ ఒకే గాటన కట్టలేం.

రాజులు తిరిగి రావడం కూడా రెండు చోట్లే, రష్యాకు జారు మళ్లీ రాలేదు. ఇంగ్లండ్‌కు 1660లో చార్లెస్ కొడుకు వచ్చాడు, మరుసటి ఏడాది క్రామ్‌వెల్ శవాన్ని తవ్వి తీసి ఉరికొయ్యకు వేలాడదీశారు. కానీ పార్లమెంటు ఒప్పుకోకుండా ఓడల పన్ను (నౌకాదళం పేరు చెప్పి రాజు వసూలు చేసిన పన్ను) వేయడం చెల్లదంటూ 1641లో తండ్రి ఒప్పుకున్న చట్టాన్ని మాత్రం ఆ కొడుకు ముట్టుకోలేకపోయాడు.