అల్జీమర్స్ మెదడులో ముందు ఎక్కడ మొదలవుతుంది? కాలీఫ్లవర్ కోసి చూద్దాం

నమస్కారం అండి. బల్ల మీద ఏమున్నాయో చూశారుగా. ఒక కాలీఫ్లవర్, ఒక చాకు, మూడు సన్నబియ్యం గింజలు, చిన్న గిన్నెలో బట్టలకు పెట్టే నీలిమందు. నర్సింగ్ పిల్లలకు అనాటమీ చెప్పేటప్పుడు నేను వాడే సామాను ఇదే. అల్జీమర్స్ జబ్బు మెదడులో ఏ మూల మొదలవుతుందో, అక్కడ మొదలైతే మనిషిలో ముందుగా ఏం మారుతుందో ఈ రోజు దీంతోనే చూపిస్తాను.

ముందు మా పెదనాన్న గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. ఊళ్లో ఆయన ఎక్కని గడప లేదు. ఒకరోజు సాయంత్రం కూరగాయలకని వెళ్లి, చీకటి పడినా రాలేదు. మా ఇంటికి రెండు వీధుల అవతల, మలుపు దగ్గర సంచి పట్టుకుని నిలబడి ఉంటే, కిరాణా కొట్టు అబ్బాయి చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "ఎటు తిరగాలో ఒక్క నిమిషం తోచలేదురా" అన్నారు పెదనాన్న. ఏదో ఆలోచనలో పడి ఉంటారులే అనుకున్నాం. ఎందుకంటే ఆయన ఎవరి పేరూ మర్చిపోలేదు. మనవరాలి పుట్టినరోజుతో సహా అన్నీ గుర్తున్నాయి. అల్జీమర్స్ అంటే పేర్లు మర్చిపోవడమే అని మా ఇంట్లో అందరి లెక్క. అనాటమీ చెప్పే నాకూ ఆ రోజు అనుమానం రాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఈ వీడియో అందుకే.

సరే, కాలీఫ్లవర్‌ని నిలువుగా రెండు చెక్కలు చేస్తున్నాను. కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి.

పైన తెల్లగా, ముడతలు ముడతలుగా ఉన్న పువ్వంతా మెదడు పై పొర అనుకోండి. దీన్ని కార్టెక్స్ అంటారు. మాట్లాడటం, లెక్కలు వేయడం, పెళ్లికి ఎంతమందిని పిలవాలో ఆలోచించడం, ఇలాంటి పనులకు ఇది కావాలి. కింద ఈ లావాటి కాడ మెదడు కాండం. పువ్వుకీ కాడకీ మధ్య కొమ్మలు కలిసే ఈ చోట్లు చూశారా, బయట నుంచి కనబడవు, కోస్తేనే తెలుస్తాయి. మనం ఇప్పుడు వెతికేది కాడలోనూ, ఈ మధ్య చోట్లలోనూ.

మూడు బియ్యపు గింజలు తీసుకున్నాను. నీలిమందులో ముంచాను. ఇదిగో, కాడ పైభాగంలో చాకు మొనతో గాటు పెట్టి, ఒకదాని వెనక ఒకటి గుచ్చుతున్నాను. మూడూ కలిపి ఒకటిన్నర సెంటీమీటర్ పొడవు ఉంటుంది. దీని పేరు లోకస్ సెరూలియస్. లాటిన్‌లో నీలం చోటు అని అర్థం. దీని కణాల్లో న్యూరోమెలనిన్ అనే రంగు పేరుకుంటుంది. అందుకే మెదడు కోసినప్పుడు అక్కడ నీలం ఛాయ కనబడుతుంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి.

మెదడు మొత్తంలో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీ కణాలు, ఉంటే, ఈ రెండు నీలం చోట్లలో కలిపి ఉండేవి సుమారు 50 వేలు. అంతే. కానీ ఊరి చివర ఉన్న ఒక్క వాటర్ ట్యాంకు నుంచి ప్రతి వీధికీ పైపులు వెళ్లినట్టు, ఈ కాసిని న్యూరాన్ల తీగలు మెదడులో దాదాపు ప్రతి మూలకీ వెళ్తాయి. అవి పంపేది నార్‌అడ్రినలిన్. మనం మెలకువగా ఉండటానికి, ఒకదాని మీద దృష్టి పెట్టడానికి, ఉలిక్కిపడటానికి, మళ్లీ కుదుటపడటానికి అది కావాలి. నిద్రలో కలలొచ్చే దశలో ఈ న్యూరాన్లు దాదాపు మౌనంగా ఉంటాయి.

అల్జీమర్స్‌లో రెండు ప్రొటీన్లు దారి తప్పుతాయి. ఒకటి అమిలాయిడ్. అది న్యూరాన్ల బయట గడ్డలు కడుతుంది, ఎక్కువగా పై పొరలోనే, అంటే ఈ పువ్వు భాగంలో మొదలవుతుంది. రెండోది టౌ. అది న్యూరాన్ లోపలే చిక్కుపడిన దారంలా ముడులు పడుతుంది. ఈ టౌ మార్పులు అన్నిటికంటే ముందు కనబడే చోట్లలో ఒకటి ఈ నీలం చోటు. జర్మనీలో హైకో బ్రాక్, కెల్లీ డెల్ ట్రెడిచి అనే శాస్త్రవేత్తలు తమ బృందంతో కలిసి 1 నుంచి 100 ఏళ్ల వయసు వరకు చనిపోయిన 2,332 మంది మెదళ్లను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. 30 ఏళ్లలోపు వాళ్లలో కూడా చాలామందికి ఈ చోట టౌ తొలి మార్పులు కనబడ్డాయి.

ఇది విని ఎవరూ టెన్షన్ పడొద్దు. మార్పు కనబడిన ప్రతి ఒక్కరికీ జబ్బు వస్తుందని కాదు. ఆ మార్పు ఉన్నా చాలామందికి జీవితాంతం డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు, రాదు. మనం పట్టుకోవాల్సింది ఒక్కటే. మతిమరుపు బయటపడటానికి పదేళ్ల ముందే, ఒక్కోసారి ఇంకా ముందే, లోపల కథ నడుస్తూ ఉంటుంది. ఆ కథ జ్ఞాపకాల గదిలో మొదలవ్వదు. నిద్ర, దృష్టి, కంగారు, వీటిని చూసుకునే చోట మొదలవుతుంది. తొలి దశ టౌ మార్పులున్న వాళ్లలో నిద్ర చెదరడం, ఆందోళన, దిగులు ఎక్కువగా కనబడ్డాయని చెప్పిన పరిశోధనలు ఉన్నాయి. పెదనాన్న దారి తప్పడానికి ముందు ఏడాది పైగా రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ చూసుకునేవారు. అది దీనివల్లే అని ఇప్పుడు నేను ప్రమాణం చేసి చెప్పలేను. నిద్ర పట్టకపోవడానికి వంద కారణాలు ఉంటాయి. కానీ ఎప్పుడూ లేనిది అరవై దాటాక కొత్తగా మొదలైతే, దాన్ని డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతుల్లో రాసుకోవాలి.

ఇప్పుడు రెండో చోటు. మీ చూపుడు వేలు కణత మీద పెట్టండి. అక్కడి నుంచి సూటిగా లోపలికి, తల మధ్య వైపు వెళ్తున్నాం అనుకోండి. టెంపోరల్ లోబ్ అంతా దాటి, దాని లోపలి అంచు తగులుతుంది. అక్కడ మడతలో దాక్కుని ఉండేది ఎంటోరైనల్ కార్టెక్స్. పేరు పలకడానికి కష్టం, పని మాత్రం ద్వారబంధం లాంటిది. చూసింది, విన్నది, వాసన పీల్చింది, ఏదైనా జ్ఞాపకంగా మారాలంటే చాలావరకు ఈ గుమ్మం దాటే లోపలికి వెళ్లాలి.

దీనికి ఇంకో గొప్ప పని ఉంది. నార్వేలో మే బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ తమ బృందంతో కలిసి 2005లో ఎలుకల మెదడులో, సరిగ్గా ఈ ప్రాంతంలోనే, గ్రిడ్ కణాలను కనుక్కున్నారు. ఎలుక నడుస్తుంటే నేల మీద గళ్లు గీసినట్టు, ఒక్కో కణం కొన్ని నిర్ణీత స్థానాల్లో వెలుగుతుంది. ముగ్గు వేసే ముందు చుక్కలు పెట్టుకుంటాం కదా, అలాగే మెదడు తిరిగే నేలంతా చుక్కలు పెట్టుకుంటుంది. పక్కనే ఉన్న హిప్పోక్యాంపస్‌లో ఫలానా చోట ఉన్నప్పుడే వెలిగే కణాలను జాన్ ఓకీఫ్ 1971లోనే చూపించారు. ఈ ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది.

ఆ గుమ్మం దగ్గర ఎంత నష్టం జరుగుతుందో 1996లో తెలిసింది. లక్షణాలు ఇంకా చాలా స్వల్పంగా ఉన్న దశలో చనిపోయిన వాళ్ల మెదళ్లలో ఎంటోరైనల్ కార్టెక్స్ రెండో పొర న్యూరాన్లు లెక్కపెట్టారు. సుమారు 60 శాతం అప్పటికే పోయాయి. ఇంట్లో వాళ్లు "కొంచెం మతిమరుపు" అనుకునే రోజుల్లో! ముగ్గులో సగానికి పైగా చుక్కలు చెరిగిపోయాక, రోజూ నడిచే దారిలో మలుపు దగ్గర కాళ్లు ఆగిపోవడంలో వింతేముంది? పెదనాన్న ఆ రోజు అక్కడ ఎందుకు నిలబడిపోయారో, ఈ లెక్క చదివాక నాకు అర్థమైంది.

వాసన సంగతి కూడా ఇక్కడిదే. ముక్కు నుంచి వచ్చే వార్త ఈ ప్రాంతానికి చాలా దగ్గరి దారిలో చేరుతుంది. పోపు మాడుతున్నా పక్కనే కూర్చున్న మనిషికి తెలియకపోతే, జలుబు లేకపోయినా అలా పదేపదే జరిగితే, అది కూడా రాసుకోండి.

మూడోది అందరికీ తెలిసిన పేరే, హిప్పోక్యాంపస్. మీ చిటికెన వేలు కొంచెం వంచి చూడండి. దాదాపు అంత ఉంటుంది, చెరోవైపు ఒకటి. దీని పని ఏంటో ప్రపంచానికి తెలిసింది ఒక మనిషి నష్టం వల్ల. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో పెద్ద భాగం, చుట్టూ ఉన్న కొంత మెదడు తీసేశారు. మూర్ఛ తగ్గింది. కానీ ఆ తర్వాత 2008లో చనిపోయే వరకు కొత్తగా జరిగింది దాదాపు ఏదీ ఆయన మనసులో నిలవలేదు. చిన్నప్పటి సంగతులు చెప్పేవారు, చక్కగా మాట్లాడేవారు. మీరు గది బయటికి వెళ్లి తిరిగొస్తే మాత్రం మిమ్మల్ని కొత్తగా పలకరించేవారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు పదిహేను నిమిషాల్లో నాలుగుసార్లు "భోజనం చేశావా?" అని అడుగుతూ, 1970ల నాటి పెళ్లి భోజనంలో ఏం వడ్డించారో వరస తప్పకుండా చెప్తున్నారంటే కారణం ఇదే. పాతవి అప్పటికే పువ్వంతా పరుచుకుని ఉన్నాయి. కొత్తవి లోపలికి వెళ్లే దారే పాడైంది. కావాలని విసిగించడం కాదండి. అడిగామన్న సంగతే అక్కడ నమోదు కాలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. 2014లో అమెరికాలోని అయోవాలో అల్జీమర్స్ ఉన్నవాళ్లకి విషాదంగా ఉండే సినిమా ముక్కలు, సంతోషంగా ఉండే ముక్కలు వేరువేరుగా చూపించారు. కాసేపటికి ఏం చూశారో చాలావరకు మర్చిపోయారు. కానీ ఆ బాధ, ఆ సంతోషం మాత్రం మనసులో అలాగే ఉండిపోయాయి. నాలుగోసారి అడిగినప్పుడు మనం కసిరితే, కసిరామన్న సంగతి వాళ్లకి గుర్తుండదు. మనసు చివుక్కుమన్న ఆ భావం మిగులుతుంది, కారణం తెలియకుండా. నేను కసిరాను. చాలాసార్లు. ఇది చదివాక మానేశాను.

నాలుగో చోటు ముందువైపు, కళ్ల వెనక, మెదడు అడుగున ఉంటుంది. మైనర్ట్ న్యూక్లియస్ అంటారు. న్యూరాన్లు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాల్లో ఒకటి అసిటైల్‌కోలిన్. మెదడు పై పొరకి అది ఎక్కువగా అందేది ఇక్కడి నుంచే. అల్జీమర్స్‌లో ఈ న్యూరాన్లు భారీగా దెబ్బతింటాయని 1980ల మొదట్లో తేలింది. డాక్టర్లు రాసే డొనెపెజిల్ మాత్ర అమెరికాలో 1996లో ఆమోదం పొందింది. అది ఈ న్యూరాన్లను తిరిగి తేలేదు. మిగిలిన అసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపుతుంది.

దీన్నిబట్టి మీకు ఇప్పుడే పనికొచ్చే సంగతి ఒకటుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చాలా జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమైన్ ఉంటుంది. అది సరిగ్గా అసిటైల్‌కోలిన్‌కి అడ్డుపడే రకం. మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మందులూ అంతే. ఒక చేత్తో డొనెపెజిల్ వేస్తూ ఇంకో చేత్తో ఇవి వేస్తే, పొయ్యి వెలిగించి నీళ్లు పోసినట్టే. పెద్దవాళ్లు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ, జలుబువీ నిద్రవీ వదలకుండా, ఒక కవర్లో వేసి డాక్టర్ ముందు పెట్టండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు.

ఎంఆర్ఐ తీస్తే రిపోర్టులో ఎంటీఏ స్కోర్ అని ఉందేమో చూడండి. హిప్పోక్యాంపస్, దాని చుట్టుపక్కల ఎంత కుంచించుకుపోయిందో 0 నుంచి 4 వరకు వేసే అంకె అది. 75 ఏళ్లలోపు వాళ్లకి 2 లేదా అంతకు మించితే, ఆపైవాళ్లకి 3 లేదా అంతకు మించితే మామూలుగా పట్టించుకుంటారు. ఆ ఒక్క అంకెతో జబ్బు ఉందనీ లేదనీ తేల్చరు. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులు జబ్బు ఉన్నా, చెవులు సరిగా వినబడకపోయినా మతిమరుపులాగే కనబడుతుంది. వీటికి వైద్యం ఉంది. అందుకే ముందు ఇవి చూస్తారు.

మన హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పరిశోధన ఇక్కడ చెప్పకుండా ఉండలేను. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు మొదలవడం సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యమైంది. బడి మొహం చూడని వాళ్లలో కూడా తేడా కనబడింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే బతుకు అది. భాషలు లోపలి టౌ ముడుల్ని ఆపుతాయని దీని అర్థం కాదు. లోపల దెబ్బ తగిలినా, పై పువ్వు ఇంకొన్నాళ్లు సర్దుకుని పని నడిపిస్తుందని పరిశోధకులు అనుకుంటున్నారు.

ఇప్పుడు ఒక నోటుబుక్కు తీసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు నాలుగు వారాలు రాయండి. రాత్రి ఎన్నిసార్లు లేచారు, తెలిసిన దారిలో ఎక్కడ తడబడ్డారు, ఒకే ప్రశ్న ఎంతసేపట్లో మళ్లీ అడిగారు, వాసన తెలియనిది ఎప్పుడు. తేదీ, టైమ్ వేసి రాయండి. "ఈ మధ్య కొంచెం తేడాగా ఉంటున్నారు డాక్టర్" అంటే వాళ్లకి ఏమీ పాలుపోదు. "మంగళవారం సాయంత్రం, ఇంటికి రెండు వీధుల అవతల, ఇరవై నిమిషాలు నిలబడిపోయారు" అంటే న్యూరాలజిస్ట్ ఏ చోటు గురించి ఆలోచించాలో ఆలోచిస్తారు. మా పెదనాన్న విషయంలో ఆ కాగితం రాయడానికి మాకు ఇంకో ఏడాది పట్టింది.