కాలి కింద వంత: ఎడ్ షీరన్ ఒక్కడే అంత సంగీతం ఎలా వినిపిస్తాడు?

నమస్కారం. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఇంగ్లండు పాప్ గాయకుడు ఎడ్ షీరన్ కచేరీ జరిగింది. వారం తిరిగేసరికి బెంగళూరులో శిల్పా రావుతో కలిసి అతను ‘చుట్టమల్లే’ పాడిన వీడియో మన ఫోన్లన్నిటికీ చేరింది. అప్పటి నుంచి ఒక మాట నా చెవిన పడుతూనే ఉంది: ‘వేదిక మీద ఉన్నది ఒక్కడే, వినిపిస్తున్నది పది మంది సంగీతం, కాబట్టి ముందే రికార్డు చేసి తెచ్చుకున్నాడు’ అని. ఈ అపోహ మన దగ్గర పుట్టింది కాదు. 2017 జూన్‌లో ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో పాడినప్పుడు అతని స్వదేశంలోని ప్రేక్షకులే ఈ నింద వేస్తే, తాను చేసేదంతా అప్పటికప్పుడు చేసేదేననీ, అది లూప్ స్టేషన్ (అప్పుడే వాయించినదాన్ని పట్టి మళ్ళీ మళ్ళీ వినిపించే పరికరం) అనీ, కావాలంటే గూగుల్‌లో చూసుకోమనీ అతను ట్విటర్‌లో సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఆ పరికరం అర్థం కాకపోతే అతను ఎదిగిన దారి కూడా అర్థం కాదని నా అభిప్రాయం గనుక, ముందు దాని సంగతి చూద్దాం.

బుర్రకథను తలచుకోండి. నడుమ తంబురాతో కథకుడు, అటొకరు ఇటొకరు గుమ్మెటలతో వంతలు. కథకుడు పాదం అందిస్తే వంతలు దాన్ని అందుకొని ‘తందాన తాన’ అంటూ నిలబెడతారు, ఆ ఆసరాతో కథకుడు ముందుకు సాగిపోతాడు. లూప్ స్టేషన్, అంటే లూప్ పెడల్, కాలి కింద ఉన్న వంత. షీరన్ దాన్ని ఒకసారి తొక్కి, గిటారు చెక్క మీద చేత్తో దరువు వేస్తాడు. ఆవర్తనం సరిగ్గా ముగిసేచోట మళ్ళీ తొక్కుతాడు. ఆ క్షణం నుంచి ఆ దరువు దానంతట అదే తిరుగుతూ ఉంటుంది. దాని మీద గిటారు తీగలు, ఆ పైన ఒక ఆలాపన, దానికి తోడు మరో గొంతు, ఇలా ఒక్కొక్క తొక్కుకూ ఒక్కొక్క వంత పుట్టుకొస్తాడు. పల్లవిలో అందరినీ పాడించడమూ, చరణంలో కొందరిని మాన్పించడమూ కాలి పనే.

ఈ వంతకు కథ ముందుగా తెలియదు. ఈ నిమిషంలో కథకుడు చెప్పినదే దానికి తెలిసిన విద్య. కథకుడు తడబడితే మనిషి వంత సర్దుకొని కాపాడతాడు గాని, ఈ వంత ఆ తడబాటునే పాట చివరి దాకా వల్లిస్తుంది. రెండో తొక్కు రెప్పపాటు ఆలస్యమైనా ప్రతి ఆవర్తనంలోనూ తాళం కుంటుతుంది. మోసం చేయదలచుకున్నవాడు ఇంత ప్రమాదకరమైన పద్ధతిని ఎంచుకోడు. హాస్యం చెప్పే వంత మాత్రం ఇందులో దొరకడు, అది నిజంగా లోటే.

ఇక మనిషి సంగతి. 1991లో ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో పుట్టి, సఫోక్ ప్రాంతంలోని ఫ్రామ్లింగ్‌హామ్ అనే చిన్న ఊరిలో పెరిగిన షీరన్‌కు చిన్నతనంలో నత్తి ఉండేది. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి, అందులో ఎలాంటి మాటలున్నాయో తెలియకుండానే, అమెరికా ర్యాప్ గాయకుడు (లయకు తగ్గట్టు మాటలు వేగంగా పలికేవాడు) ఎమినెమ్ ఆల్బమ్ ఒకటి కొనిచ్చాడు. పదేళ్ళకల్లా దాన్ని పొల్లు పోకుండా కంఠస్థం చేశాననీ, ఆ వేగాన్నీ లయనూ పట్టుకొని పలకడమే నత్తి పోవడానికి తోడ్పడిందనీ 2015లో నత్తి ఉన్నవారి కోసం పనిచేసే ఒక అమెరికా సంస్థ సభలో అతనే చెప్పాడు. అతని పాటల్లో అక్షరాలు చినుకుల్లా టపటపా రాలడానికి మూలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. పదకొండేళ్ళప్పుడు ఐర్లండులో అక్కడి గాయకుడు డేమియన్ రైస్ కచేరీ విన్నాక సొంత పాటల మీద మనసు మళ్ళింది. పుట్టుకతోనే గొంతు ఉండాలనే వారికి జవాబుగా, తాను చిన్నప్పుడు శ్రుతి తప్పి పాడిన రికార్డింగును టీవీ కార్యక్రమంలో అతనే వినిపించాడు. లూప్ పెడల్ విద్య గ్యారీ డన్ అనే ఐరిష్ గాయకుడి ద్వారా అబ్బింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. పదిహేడేళ్ళ వయసులో లండన్ చేరిన కుర్రవాడికి బ్యాండును పోషించే స్తోమత ఉండదు. వంతలకు డబ్బు లేని కథకుడు వంతలను కాలి కింద పెట్టుకున్నాడు. ఒక్క గిటారు, ఒక్క పెడల్ ఉంటే ఏ పబ్బులోనైనా పాడవచ్చు గనుకనే 2009 ఒక్క సంవత్సరంలో 312 కచేరీలు చేయడం సాధ్యమైంది. పెడల్ అతని రచనను కూడా మలిచింది. మన సినిమా పాటలో చరణం వేరే దారి పట్టి తిరిగి పల్లవికి చేరుతుంది. ఈ వంతకు ఒక్క పాదమే తెలుసు గనుక, ఆ పాదం మీదే కథంతా నడిచేలా రాసుకోవాలి. ‘షేప్ ఆఫ్ యూ’ వినండి: పల్లవికీ చరణానికీ అవే నాలుగు కార్డులు (గిటారు మీద ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) తిరుగుతుంటాయి, మారేది పైన సాగే మాటా రాగమూ మాత్రమే. దీన్ని పేదరికంగా చూసే విమర్శకులున్నారు, నాకైతే ఛందస్సులాంటి కట్టుబాటుగా కనిపిస్తుంది.

సమయం అయిపోతోంది, మిగిలినది వేగంగా చెబుతాను. 2010లో జమాల్ ఎడ్వర్డ్స్ నడిపిన ఎస్‌బీ టీవీ యూట్యూబ్ ఛానల్ అతన్ని ర్యాప్ శ్రోతల దగ్గరికి చేర్చింది. అదే ఏడాది లాస్ ఏంజెలిస్ వెళ్ళి చిన్న వేదికల మీద పాడుతుంటే నటుడు జేమీ ఫాక్స్ తన స్టూడియో వాడుకోనిచ్చాడు. 2011 జనవరిలో ఏ కంపెనీ అండా లేకుండా విడుదల చేసిన ఈపీ (కొద్ది పాటల చిన్న ఆల్బమ్) పాటలు అమ్మే ఐట్యూన్స్‌లో రెండో స్థానానికి చేరిన తరువాతే అసైలమ్ రికార్డ్స్ అనే సంగీత కంపెనీతో ఒప్పందం కుదిరింది. జూన్‌లో ‘ది ఏ టీమ్’ పాట, సెప్టెంబరులో మొదటి ఆల్బమ్ వచ్చాయి. 2015 జూలైలో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో మూడు రాత్రులు బ్యాండ్ లేకుండా, అదే పెడల్‌తో పాడాడు. 2022లో మొదలైన పర్యటనలో మాత్రం కొన్ని పాటలకు బ్యాండును తెచ్చుకున్నాడు. కనుక ఆ వీడియోలు చూసి ‘పెడల్ అన్నారు, డ్రమ్మర్ కనిపిస్తున్నాడే’ అని కామెంట్లలో నన్ను నిలదీయకండి. ఆ పాటలకు వంతలు మనుషులే.