సైరన్ మోగితే ఎటు వెళ్లాలి?

సభకు నమస్కారం. నేను లాయర్ని కాను, ఇంజనీర్నీ కాను. ఒక ఫ్యాక్టరీ సేఫ్టీ సెక్షన్‌లో రిజిస్టర్లు రాసి రిటైరైన గుమాస్తాని.

ఒడిశాలో ఉన్నా మన రాయగడ వాళ్లకి విశాఖ పరాయి ఊరు కాదు. పెద్దాసుపత్రికి అక్కడికే, పెళ్లి బట్టలకీ అక్కడికే. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి లీకై, పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసినప్పుడు మన ఇళ్లలో ఫోన్లు ఆగకుండా మోగాయి. 12 మంది పోయారు. తర్వాత ప్రభుత్వ కమిటీ తేల్చిన వాటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది. సైరన్ నొక్కడానికి ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటుంది. ఒక్క చోటా ఎవరూ నొక్కలేదు.

చట్టాలు లేకనా? భోపాల్ తర్వాత వరసగా వచ్చాయి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో 15వది చూడండి. ప్రమాదం ఎలాంటిదో, జరిగితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో గోడ బయట ఉన్నవాళ్లకి యాజమాన్యమే ముందుగా చెప్పాలి. ప్రమాదం జరిగితే ఊరిని కాపాడ్డానికి వేసిన ప్లాన్‌కి ఏడాదికోసారి డ్రిల్ కూడా జరగాలి.

మా దగ్గర జరిగేది. తేదీ ముందే తెలిసేది, ఆ రోజు క్యాంటీన్ టిఫిన్ కూడా బాగుండేది! 'గ్రామస్తులకు అవగాహన కల్పించబడినది' అని రిజిస్టర్లో రాసింది ఈ చెయ్యే. గోడ అవతల పేటలో ఉన్నది తెలుగువాళ్లు, కువి మాట్లాడే కొండవాళ్లు. పంచిన కాగితమేమో ఒడియాలో, ఇంగ్లీషులో. ఒక మామ్మ దాన్ని అప్పడాల డబ్బా అడుగున పరుచుకుంది. అది చూసి నేను నవ్వాను కూడా.

ఆ కాగితంలో ఉన్నది క్లోరిన్ అనే విషవాయువు గురించి. అది గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, పల్లంలో పేరుకుంటుంది. భయపడితే మనవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని గెడ్డలోకి దిగుతారు. దిగకూడని చోటు అదే. గాలికి అడ్డంగా నడిచి మెట్ట ఎక్కాలి. ఈ రెండు ముక్కలు మామ్మ భాషలో చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది?

చట్టం దండగ అంటే మాత్రం ఒప్పుకోను. లోపల వాల్వులు, గేజీలు వేళకి చెక్ చేశామంటే ఇన్‌స్పెక్టర్ భయమే. కానీ ఆయన ఫ్యాక్టరీకి వచ్చి, ఫ్యాక్టరీ వాళ్లనే అడిగి, ఫ్యాక్టరీ రిజిస్టర్ మీదే సంతకం పెట్టి వెళ్లేవారు. పేటలోకి అడుగు పెట్టగా నేను చూడలేదు.

డ్రిల్ ఎప్పుడు, పేటవాళ్లని ఎందుకు పిలవరు అని కలెక్టర్ గారికి రాసిన అర్జీ ఆ బల్ల మీద ఉంది. తెలుగులోనూ ఒడియాలోనూ ఉంది. కువిలో చదివి చెప్పడానికి ఇద్దరు కుర్రాళ్లు అక్కడే కూర్చున్నారు. టీ తాగాక ఒకసారి అటు రండి.